ఎర్రమట్టి పెరటికి పశువుల ఎరువు: దిబ్బ వేసేనాటి నుంచి మడిలో కలిపేదాకా

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో మాకు ఆరు సెంట్ల జాగా ఉంది. ఇల్లూ వాకిలీ పోను రెండు సెంట్ల పెరడు మిగిలింది. 2017లో తోట పని మొదలుపెట్టిన రోజు గడ్డపార దించితే నేల ఖంగుమంది. పైన జానెడు ఎర్రమట్టి, దాని కింద అంతా గరుసు. వాన పడిన మర్నాటికి పైపొర అప్పడంలా గట్టిపడేది. మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేక లోపలే వంకర తిరిగి చచ్చేది. తిరుమల మహాద్వారం దగ్గర వేలాడే గునపంతోనే అనంతాళ్వారు స్వామి పూలతోటకు నేల తవ్వాడని పెద్దలు చెబుతారు. ఆ ఏడాది దర్శనానికి పోయినప్పుడు క్యూలో కదులుతూనే దాన్ని మెడ తిప్పి తిప్పి చూశాను.

ఆ నేలలోకే ఇప్పుడు పార మెత్తగా దిగుతోంది. అదంతా పశువుల ఎరువు చలవే. అయితే మొదటి ఏడు ఆ ఎరువుతోనే మడి మొత్తం పోగొట్టుకున్నాను. పక్క ఊళ్ళో ఒక పాడివాళ్ళ దగ్గర ట్రాక్టర్ లోడు పచ్చి పేడ తోలించి మడిలో కలిపేసి, మూడో రోజే టమాటా, మిరప నారు నాటాను. వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. పది రోజులకు ఒక్క మొక్క మిగల్లేదు. మాకు పాలు పోసే అవ్వ అది చూసి, "సెగ సావని పెంట ఏస్తే సెట్టు బతుకుతుందా నాయనా? సంకురాత్రికి దిబ్బ ఏసుకో, ఆడి నెలకు మడికి తోలుకో" అంది. ఆడి నెల అంటే జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా. ఇన్నేళ్ళుగా నేను నడుపుతున్నది ఆ అవ్వ చెప్పిన లెక్కే. కింద రాసిందంతా దాని వివరమే అనుకోండి.

ముందు మీ నేలను చూడండి

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎక్కువ భాగం ఎర్ర నేలలే. స్వర్ణముఖి ఒడ్డున ఇసుక కలిసిన ఒండ్రు ఉంటుంది, చెరువుల కింద కొన్నిచోట్ల నల్లమట్టి తగులుతుంది. ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేది అందులోని ఇనుము. ఈ మట్టిలో ఉండే బంక రకానికి పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. పైపొర కట్టుకుపోయి నీళ్ళను దిగనివ్వదు, ఎలాగో దిగిన నీళ్ళను కింది గరుసు నిలుపుకోదు. రెండు విధాలా నష్టమే.

దీనికి ఎండ తోడవుతుంది. మట్టిలో వేడి పది డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవుల పని వేగం దాదాపు రెట్టింపవుతుంది. అవి తినేది మనం వేసిన ఎరువునే. చలిదేశాల్లో ఏళ్ళ తరబడి నిలిచే ఎరువు మన దగ్గర రెండు వేసవులు దాటేసరికి చాలావరకు గాలిలో కలిసిపోతుంది. కాబట్టి ఒక ఏడు భారీగా తోలించి నాలుగేళ్ళు ఊరుకుంటే మన నేల బాగుపడదు. కొంచెం కొంచెంగా, ఏటా రెండు విడతలు, బాగా మాగిన ఎరువు వేసి, దాని మీద ఎండ పడకుండా కప్పాలి. నాకు తెలిసిన మార్గం ఇదొక్కటే.

మొదలుపెట్టే ముందు ఒకసారి మట్టి పరీక్ష చేయించుకుంటే మంచిది. పెరట్లో ఎనిమిది పది చోట్ల, జానెడు కన్నా కాస్త తక్కువగా, అంటే 15 సెంటీమీటర్ల లోతుకు 'వి' ఆకారంలో గుంట తీయండి. గుంట పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా వేలి మందం మట్టి గీరి తీసుకోండి. అన్నీ ఒక గోనెపట్టా మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసేయండి. మిగిలింది మళ్ళీ కలిపి మళ్ళీ అలాగే చేస్తూ అర కిలో మిగిలేదాకా రండి. దాన్ని నీడలో ఆరబెట్టి వ్యవసాయ శాఖ భూసార పరీక్ష కేంద్రంలో ఇవ్వండి. వచ్చే కాగితంలో మీరు ముఖ్యంగా చూడాల్సింది సేంద్రియ కర్బనం అనే వరుస. 0.5 శాతం కన్నా తక్కువుంటే నేల పేదది, 0.75 దాటితే బలమైనది. పీహెచ్, లవణాల అంకెలు కూడా రాసి పెట్టుకోండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నవాళ్ళకు ఆ లవణాల అంకె తర్వాత పనికొస్తుంది.

ఏ పెంట దొరికితే మేలు

మన వైపు పాడికి కొదవ లేదు కాబట్టి ఆవు, గేదె పేడ తేలిగ్గా దొరుకుతుంది. పెరటికి అన్నిటికన్నా నమ్మకమైనదీ అదే. బాగా మాగిన పశువుల ఎరువులో సుమారు అర శాతం నత్రజని, 0.2 శాతం భాస్వరం, అర శాతం పొటాష్ ఉంటాయి. కొనేటప్పుడు ఒట్టి పేడ కన్నా కొట్టంలో పశువుల కింద పరిచిన గడ్డి, తిని వదిలేసిన మేత చెత్త కలిసిన పెంట అడగండి. పశువు వదిలే నత్రజనిలో దాదాపు సగం పంచితంలోనే పోతుంది. ఆ పంచితాన్ని పీల్చుకున్న గడ్డి చూడడానికి చెత్తలా ఉన్నా బలమంతా దానిలోనే ఉంటుంది. సిమెంటు గచ్చు కడిగేసే కొట్టాల్లో ఆ బలం కాలవలోకి పోతుంది.

గొర్రె, మేక పెంటికలు ఇంకా బలమైనవి. నత్రజని మూడు శాతం దాకా ఉంటుంది. చేలల్లో గొర్రెల మంద కట్టించుకునే అలవాటు రాయలసీమలో ఎప్పటినుంచో ఉన్నదే. రాత్రంతా మంద పడుకుంటే పెంటికలతో పాటు మూత్రం కూడా నేలకే దక్కుతుంది. రెండు సెంట్ల పెరట్లో మంద కట్టించలేం కాబట్టి గోతాల్లో కొనాల్సిందే. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గొర్రెలూ మేకలూ సర్కారు తుమ్మ కాయలు ఇష్టంగా తింటాయి. ఆ గింజలు కడుపులో అరక్కుండా పెంటికలతో బయటపడి చక్కగా మొలుస్తాయి. నేరుగా మడిలో వేస్తే ఆరు నెలలకు ముళ్ళ కంప పీకుతూ కూర్చోవాలి. పెంటికలు గట్టిగా ఉంటాయి కాబట్టి తడిపి, కర్రతో నలగ్గొట్టి, దిబ్బలో పేడతో కలిపి మాగబెట్టండి. దిబ్బ సెగకు ఆ గింజల్లో చాలావరకు చస్తాయి.

కోళ్ళ ఎరువులో నత్రజనితో పాటు భాస్వరం కూడా రెండున్నర శాతం దాకా ఉంటుంది. షెడ్ల నుంచి వరి ఊకతో కలిసి వస్తుంది. దాన్ని నేను నేరుగా ఏ మొక్కకూ వేయను. దిబ్బలో పేడకు నాలుగో వంతు మించకుండా కలుపుతాను. దానిలో లవణాలు కూడా ఉంటాయి కాబట్టి ఉప్పునీళ్ళ బోర్లున్నవాళ్ళు అది కూడా తగ్గించుకోవడం మంచిది.

కుక్క, పిల్లి, పంది పెంట పెరటి దరిదాపులకు రానివ్వకండి. వాటితో మనుషులకు వచ్చే పరాన్నజీవులు ఉంటాయి. రోడ్ల పక్క పోగేసిన పెంటలో ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు ఉంటాయి. ఒక లోడు ఏరేసరికి ఒక నెల పట్టింది నాకు.

ఎరువు కాకపోయినా చెప్పి తీరాల్సింది చెరువు మట్టి. గరుసు నేలకు ఎండాకాలంలో ఎండిన చెరువు అడుగు ఒండ్రు ఒక్కసారి, వేలెడు మందం కలిపితే తర్వాత వేసే ప్రతి గంప ఎరువూ ఎక్కువ రోజులు నిలుస్తుంది. బంకమట్టి రేణువులు ఎరువును అంటిపెట్టుకుని కాపాడతాయి.

దిబ్బ వేయడం

సంక్రాంతి మంచి సమయం. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, మాఘ ఫాల్గుణాల్లో రాలే ఆకు చేతికందుతుంది. వేప, కానుగ లాంటి చెట్టు నీడ చూసుకోండి. నీళ్ళు నిలవని మెరక కావాలి. చాలామంది గుంత తవ్వమంటారు. ఎండాకాలానికి గుంత మంచిదే, తడి ఆరిపోదు. కానీ వాన పడితే అడుగున నీళ్ళు నిలిచి కుళ్ళు కంపు కొడుతుంది. అందుకని నేను నేల మీదే దిబ్బ వేసి చుట్టూ మెత్తుతాను.

దిబ్బ పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులకు తగ్గకూడదు. అంతకన్నా చిన్నదైతే లోపల సెగ నిలవదు. అడుగున కంది కట్టెలో, మామిడి కొమ్మలో అడ్డదిడ్డంగా పరవండి, గాలి ఆడుతుంది. దాని మీద అర అడుగు మందం ఎండు చెత్త: రాలిన ఆకు, చెనక్కాయ పొట్టు, చెరకు ఆకు, మేత చెత్త. ఆపైన మూడు నాలుగు వేళ్ళ మందం పచ్చి పెంట. పిడికెడు పాత ఎరువు, పిడికెడు తోటమట్టి చల్లి నీళ్ళు చిలకరించండి. మళ్ళీ చెత్త, మళ్ళీ పెంట. ఇలా గుండె ఎత్తు వచ్చేదాకా పేర్చండి.

చెత్త ఎందుకంటే, పేడలో కర్బనం ఒక పాలు నత్రజనికి ఇరవై పాతిక పాళ్ళు ఉంటుంది, గడ్డిలో ఎనభై దాకా ఉంటుంది. సూక్ష్మజీవులకు పాతికా ముప్పై మధ్య ఉంటే సరిపడా ఆకలి తీరుతుంది. ఒట్టి పేడ, కోళ్ళ పెంట పోగేస్తే మిగులు నత్రజని అమ్మోనియాగా మారి ముక్కు మండిస్తూ గాలిలో పోతుంది. ఒట్టి చెత్తయితే ఏడాదైనా కదలదు. మామిడి ఆకు మందం, నిదానంగా చివుకుతుంది. కాబట్టి దాన్ని ఒక్కటే పరవకుండా వేరే ఆకుతో కలిపి వేయండి.

తడి ఎంత ఉండాలో చేత్తోనే తెలుస్తుంది. దిబ్బ లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో తడి మెరవాలి, చుక్క కారకూడదు. పిడికిలి విప్పితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. నీళ్ళు కారితే చెత్త కలపండి, ముద్ద నిలవకపోతే నీళ్ళు చల్లండి.

పేర్చడం అయ్యాక పేడా మట్టీ కలిపి పలచగా చుట్టూ మెత్తండి, పైన తాటాకో గోనెలో కప్పండి. నల్ల ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పకండి, లోపల గాలి అందదు.

రెండు మూడు రోజుల్లో లోపల సెగ పుడుతుంది. ఇంట్లో ఉన్న ఇనుప చువ్వను దిబ్బ నడుమదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచండి. బయటికి లాగి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమని వదిలేయాలి. అంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్నట్టు. ఆ వేడికే కలుపు గింజలు, రోగకారక క్రిములు చస్తాయి. చువ్వ గోరువెచ్చగానే ఉంటే తడో, పెంటో తక్కువైంది.

పదిహేను రోజులకు ఒకసారి దిబ్బ తిరగెయ్యండి. బయటి భాగం లోపలికి, లోపలిది బయటికి రావాలి. అంచుల్లో ఉన్న గింజలకు కూడా సెగ తగలాలంటే ఇది తప్పదు. తిరగేసిన ప్రతిసారీ మళ్ళీ వేడెక్కుతుంది, ప్రతిసారీ కాస్త తక్కువగా. నాలుగైదుసార్లు తిరగేశాక ఇక వేడెక్కదు. అక్కడి నుంచి కదపకుండా, ఆరిపోకుండా చూసుకుంటూ వదిలేయండి. ఏప్రిల్, మే ఎండల్లో వారానికి రెండుసార్లు నీళ్ళు చిలకరించాల్సి వస్తుంది. చాలామంది దిబ్బలు పాడయ్యేది ఈ రెండు నెలల్లోనే. పెంట ఎండి పిడకలా బిగుసుకుపోతుంది. చూడడానికి మాగినట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిదే. వానకు తడిసి మడిలో మళ్ళీ సెగ ఎక్కుతుంది.

మాగిందో లేదో తేల్చుకోవడం

మాగిన ఎరువు ముదురు గోధుమ రంగులో పొడిపొడిగా ఉంటుంది. ఏది పేడో, ఏది గడ్డో విడదీసి చెప్పలేం. వాసన మొదటి వాన పడ్డ మట్టిలా ఉంటుంది. దిబ్బ ఎత్తు సగానికి దిగుతుంది. అయినా కంటిని నమ్మకుండా నేను రెండు పరీక్షలు చేస్తాను.

తడిపిన ఎరువు ఒక గుప్పెడు కవరులో వేసి, గాలి పోకుండా ముడివేసి, మూడు రోజులు నీడలో ఉంచండి. విప్పగానే మట్టి వాసన వస్తే సరే. అమ్మోనియా ఘాటో, కుళ్ళిన కంపో కొడితే ఇంకో నెల ఆగండి.

రెండోది మొలక పరీక్ష. రెండు కొబ్బరి చిప్పలు తీసుకోండి. ఒకదానిలో ఒట్టి తోటమట్టి, రెండోదానిలో మట్టీ ఎరువూ సగం సగం. రెండిట్లో ఇరవై ఇరవై ఆవాలు, నాలుగేసి అలసంద గింజలు వేసి తడి ఆరకుండా చూడండి. వారానికి రెండు చిప్పల్లో మొలకలు సమంగా ఉండాలి. ఎరువు చిప్పలో ఆవాలు తక్కువ మొలిచినా, వేరు కొసలు గోధుమరంగులో మాడినా ఎరువు పచ్చిది. ఆవాలు బాగానే మొలిచి అలసంద ఆకులు మాత్రం ముడుచుకుని మెలితిరిగితే, పశువు తిన్న గడ్డి మీద కలుపు మందు ఉందేమోనని అనుమానించాలి. అలాంటి ఎరువు కూరగాయల మడికి తేకండి.

దిబ్బలో తెల్ల పురుగులు

తిరగేస్తున్నప్పుడు బొటనవేలంత లావున, తెల్లగా, అర్ధచంద్రంలా ముడుచుకున్న పురుగులు తగులుతాయి. భయపడాల్సినవీ ఉన్నాయి, ఏమీ చేయనివీ ఉన్నాయి. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు పిల్లలు పెంటదిబ్బల్లోనే పెరుగుతాయి. ఎర్ర ఇసుక నేలల్లో చెనక్కాయ వేళ్ళు కొరికే వేరుపురుగు కూడా సరిగా మాగని పెంటతో మడిలోకి చేరుతుంది. పురుగును చదునైన రాతి మీద పెట్టి చూడండి. వెల్లకిలా తిరిగి వీపు మీద పాకిపోతే అది చివికిన చెత్త తిని బతికే రకం, దాన్ని దిబ్బలోనే వేసేయండి. పక్కకు ముడుచుకుని పడుకున్నవాటిని ఏరి కోళ్ళకు వేయండి. మా దిబ్బ తిరగేసే రోజు పక్కింటి కోళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటాయి. కొబ్బరి చెట్లు ఎక్కువ ఉన్నవాళ్ళు మెటారైజియం అనే శిలీంద్రపు పొడిని దిబ్బలో చల్లుకోవచ్చు, అది ఈ పిల్లపురుగులకు పచ్చని బూజు పట్టించి చంపుతుంది.

చెదలు చేరేది ఎండిన, సగం మాగిన పెంటకే. దిబ్బ తడి ఆరకుండా చూసుకుంటే అవి పెద్దగా రావు.

ఎంత వేయాలి

ఎకరాకు పది టన్నులు అనేది పంటలకు వ్యవసాయ శాస్త్రవేత్తలు మామూలుగా చెప్పే మోతాదు. ఎకరాకు వంద సెంట్లు కాబట్టి సెంటుకు వంద కిలోలు. తిరుపతిలో జాగాలు అంకణాల్లో కొలుస్తాం కదా. అంకణం 36 చదరపు అడుగులు, సెంటుకు పన్నెండు అంకణాలు వస్తాయి. అంటే అంకణానికి ఎనిమిది కిలోలు. దీన్నే ఏడాదికి రెండుగా విడగొట్టి ఆడి నెలలో నాలుగు, సంక్రాంతికి నాలుగు కిలోలు వేస్తాను. గడ్డపార మోగే కొత్త నేలకు మొదటి ఏడు దీనికి రెట్టింపు వేయండి. మొత్తం పరిస్తే చిటికెన వేలి మందం పొర వస్తుంది. మీ గంపను మాగిన ఎరువుతో నింపి ఒకసారి కాటా మీద తూచి అంకె రాసి పెట్టుకోండి, తర్వాత గంపల లెక్కన సాగిపోవచ్చు.

వంద కిలోల మాగిన ఎరువు కావాలంటే దిబ్బకు రెండు రెట్లకు పైగా పచ్చి పెంట వేయాలి. రోజుకు పది కిలోల పేడ వేసే నాటు ఆవు ఒకటుంటే నెల లోపు ఒక సెంటుకు సరిపడా సమకూరుతుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. సెంటుకు వేసిన వంద కిలోల్లో నత్రజని అర కిలో. మొదటి పంటకు అందులో అందేది మూడో వంతుకు కాస్త తక్కువే, 150 గ్రాములు. మూడు వందల పాతిక గ్రాముల యూరియాలో ఉండేంత. ఇన్ని గంపలు మోసింది ఇంతకేనా అనిపిస్తుంది. మిగిలిన నత్రజని తర్వాతి పంటలకు కొద్దికొద్దిగా విడుదలవుతుంది. భాస్వరం, పొటాష్‌లలో చాలావరకు మొదటి పంటకే అందుతాయి. అన్నిటికన్నా పెద్ద లాభం ఏ సంచిలోనూ దొరకదు: మట్టి రేణువులు గుళికలుగా కట్టుకుని, వాటి సందుల్లో నీళ్ళూ గాలీ నిలవడం. ఆ పని జరగాలంటే బరువుగా ఎరువు పడాల్సిందే. అందుకే జీవామృతం మంచిదని నమ్మేవాణ్ణయినా, ఎరువుకు బదులు అది చాలంటే మాత్రం ఒప్పుకోను. ఇరవై లీటర్ల నీళ్ళకు కిలో పేడ, లీటరు పంచితం, రెండు వందల గ్రాముల బెల్లం, అంతే పప్పుపిండి, గుప్పెడు మట్టి కలిపి చేసే ఆ ద్రవంలో సూక్ష్మజీవులు పుష్కలంగా ఉంటాయి. తినడానికి మట్టిలో చివికిన చెత్త లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?

మడిలో కలిపే రోజు

వాన పడిన రెండో రోజో, సాయంత్రం మడి తడిపిన మర్నాడో మొదలుపెట్టండి. ఎండిన నేలలో ఎరువు కలవదు. పార వేస్తే మట్టి చెప్పులకు అంటకూడదు, దుమ్ము లేవకూడదు.

గంపలు ముందు రోజే మడిలో కుప్పలుగా దించి వదిలేసే అలవాటు చాలాచోట్ల చూస్తాను. ఎండకు ఎరువు ఎండి, మిగిలిన అమ్మోనియా ఎగిరిపోతుంది, పనిచేసే జీవులు చస్తాయి. ఎంత కలపగలరో అంతే తెచ్చి, పరిచిన గంటలోనే పైన 15 సెంటీమీటర్ల మట్టిలో కలిపేయండి. అంతకన్నా లోతుకు తొక్కేయాల్సిన పని లేదు. కూరగాయల వేళ్ళలో ఎక్కువ భాగం తిరిగేది ఆ పైపొరలోనే.

కలిపాక నీళ్ళు పెట్టి, పైన రెండు మూడు వేళ్ళ మందం ఎండు ఆకు పరవండి. పది పదిహేను రోజులు ఆగి ఆకు పక్కకు జరిపి నారు నాటండి. వేసవిలో కప్పు లేని ఎర్రమట్టి మీద వట్టి కాళ్ళతో నిలబడలేం. ఆ వేడికి వానపాము కిందికి దిగిపోతుంది, ఎరువు పైపొరలోనే కాలిపోతుంది. ఆకు కప్పు ఉన్నచోట ఏప్రిల్‌లో కూడా వేలు గుచ్చితే చల్లగా తగులుతుంది.

ఎండు తెగులుతో టమాటా, వంగ పోయిన మడి అయితే ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు పొడి కలిపి వేయండి. తొంభై కిలోల మాగిన ఎరువు, పది కిలోల వేపపిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి అనేది వాడుకలో ఉన్న పాళ్ళు. పెరటికి అందులో పదో వంతు చాలు. కలిపి తడిపి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు ఉంచితే పైన తెల్లగా, తర్వాత ఆకుపచ్చగా బూజు అల్లుకుంటుంది. అప్పుడు మడిలో వేయాలి. పచ్చి పెంటలో కలిపితే సెగకు ఆ బూజు చస్తుంది.

సొర, గుమ్మడి, బీర, కాకర ఎంత ఎరువైనా తింటాయి. పాదుకు రెండు గంపలు వేసినా తప్పులేదు. వంగ, టమాటా, మిరపకు చెప్పిన మోతాదు చాలు. ఎక్కువైతే ఆకు గుబురుగా పెరిగి పూత ఆలస్యమవుతుంది. అలసంద, చిక్కుడు, గోరుచిక్కుడుకు సగం చాలు. ముల్లంగి, క్యారెట్ మడికి అదే సీజన్లో ఎరువు వేయకండి. దుంప రెండుగా మూడుగా చీలుతుంది. ముందు పంటకు వేసి వదిలిన మడిలో విత్తితే దుంప తిన్నగా దిగుతుంది.

చెట్లకూ కుండీలకూ

మామిడికి కాయ కోత అయ్యాక, తొలకరి వానలతో వేయాలి. మొదటి ఏడు చెట్టుకు పది కిలోలు. ఏటా పది పెంచుతూ యాభై దగ్గర ఆపండి. మొదలు చుట్టూ పోగేస్తే కాండం కుళ్ళుతుంది. మధ్యాహ్నం నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచున జానెడు లోతు గాడి తీసి, ఎరువు నింపి, మట్టి కప్పండి. మల్లెకు కొమ్మలు కత్తిరించాక మొక్కకు పది కిలోలు. కరివేపాకుకు ఏడాదికి ఒక గంప చాలు.

మిద్దె మీద కుండీలకు ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. కొబ్బరి పొట్టును రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి పిండాకే వాడండి, దానిలో ఉప్పు ఉంటుంది. కుండీలో ఎరువు నేల మీద కన్నా తొందరగా అణిగిపోతుంది, మూడు నెలలకొకసారి పైన రెండు గుప్పెళ్ళు వేయాలి.

నవంబరు వానలు

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ముఖ్యంగా నవంబరులో. ఆ ముందు ఎరువు వేస్తే కరిగే నత్రజని గరుసులోంచి కిందికి పోతుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు వారం ముందే నేను మడులకు ఎరువు వేశాను. వాన వెలిశాక చూస్తే ఎరువు గోడ వారన నల్లటి చారలా పేరుకుని ఉంది. మడిలో ఎర్ర గరుసు తేలింది. అప్పటి నుంచి సెప్టెంబరు దాటాక మడికి గంప ఎత్తను. మిగిలిన దిబ్బను మెరక మీదే ఉంచి పైన తాటాకు దట్టంగా కప్పుతాను. సంక్రాంతికి దాని పైభాగం రెండో విడతగా మడికి పోతుంది. అడుగున మిగిలిన నాలుగైదు గంపలు కొత్త దిబ్బలో పొరకు పిడికెడు చొప్పున తోడు పడతాయి.

ఒంటి జాగ్రత్త

పెంటలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. చేతికి తొడుగు, కాలికి బూటు లేకుండా దిబ్బలో దిగకండి. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్ళయిందో చూసుకోండి. ఎండిన ఎరువు జల్లించేటప్పుడు ముక్కుకు తువ్వాలు కట్టుకోండి.

కొత్తిమీర, పుదీన, ముల్లంగి, క్యారెట్ లాంటివి పచ్చిగా తింటాం. మాగని పెంట తగిలిన మడిలో పండినవైతే కడుపులో రోగం తెచ్చుకున్నట్టే. పచ్చి పెంట వేస్తే నేలను తాకే పంటలకు కోతకు 120 రోజుల ముందే, మిగిలినవాటికి 90 రోజుల ముందే వేయాలని అమెరికా సేంద్రియ సాగు నిబంధన. పెరట్లో అంత లెక్క పెట్టుకోలేం కాబట్టి పచ్చి పెంట మడికి తేకపోవడమే సులువు. పాలకూర, తోటకూర మీద ఎరువు నీళ్ళు చల్లే అలవాటుంటే మానేయండి, మొక్క మొదట్లో పోయండి.

నేల మారిందని ఎలా తెలుస్తుంది

రెండు వైపులా మూతలు తీసిన పాల పొడి డబ్బా ఒకటి పెట్టుకోండి. మడిలో రెండు వేళ్ళ లోతు నొక్కి, చెంబెడు నీళ్ళు పోసి, ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. అదే చోట ఏటా ఆడి నెలలో, మడి ఒకే తీరు తడిగా ఉన్నప్పుడు చేయండి. మా పెరట్లో మొదటి ఏడు ఆ చెంబు ఇరవై నిమిషాలు అలాగే నిలిచింది. నిరుడు నాలుగు నిమిషాల్లో ఇంకింది. డబ్బా తీసి అక్కడే జానెడు తవ్వి చూస్తే మట్టి సాయంత్రానికి కూడా తడిగానే ఉంది, మూడు వానపాములు తగిలాయి.

మూడేళ్ళకొకసారి మళ్ళీ మట్టి పరీక్ష చేయించండి. సేంద్రియ కర్బనం 0.75 దాటి, భాస్వరం ఎక్కువ అని వస్తే మోతాదు సగానికి తగ్గించి, కోళ్ళ ఎరువు పూర్తిగా ఆపేయండి. మా కాగితం మీద ఇప్పుడు 0.68 ఉంది. ఈ సంక్రాంతికి కూడా దిబ్బ మామూలుగానే వేస్తాను.